హద్దులు కలవని వరుసలు: తెనాలి, బాపట్ల, రేపల్లెల పాలనా నిర్మాణంపై సమీక్ష

ఆంధ్రప్రదేశ్‌లో పాలన రెండు వరుసల్లో సాగుతుంది. గ్రామ రెవెన్యూ అధికారి, తహసీల్దారు, రెవెన్యూ డివిజనల్ అధికారి, కలెక్టరు అనే క్రమంలో పైకి పోయి సచివాలయంలోని శాఖాధిపతుల దగ్గర ముగిసేది నియమితుల వరుస. వార్డు సభ్యుడు, సర్పంచి, మండలాధ్యక్షుడు, జిల్లా పరిషత్తు అధ్యక్షుడు, శాసనసభ్యుడు, మంత్రి అనే క్రమంలో సాగేది ఎన్నికైనవారి వరుస. ఈ రెండూ ఒకే నేల మీద ఒకే హద్దులతో నడిచినంత కాలం ఏ పనికి ఎవరు బాధ్యులో పౌరుడికి తెలుస్తుంది. హద్దులు వేరైతే పని జరిగినా జరగకపోయినా ఎవరిని అడగాలో తేలదు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలు ఈ విషయాన్ని పరిశీలించడానికి అనువైనవి. శతాబ్దానికి పైగా ఒకే జిల్లాలో ఉన్న ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ 4న రెండు జిల్లాలకు చెందినవయ్యాయి. తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలిపోగా, బాపట్ల కొత్త జిల్లాకు కేంద్రమై రేపల్లెను తనలో కలుపుకుంది. కలెక్టర్లు ఇద్దరయ్యారు గాని, 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తు మాత్రం ఈ మూడింటికీ ఒకటిగానే కొనసాగింది.

ఈ పరిస్థితి ఒక్క ఉత్తర్వుతో వచ్చింది కాదు. కృష్ణా, నెల్లూరు జిల్లాల భాగాలతో 1904 అక్టోబరు 1న గుంటూరు జిల్లా ఏర్పడేనాటికి మద్రాసు ప్రెసిడెన్సీలో స్థానిక పాలనకు రెండు చట్టాలున్నాయి. రెండూ 1884లోనే వచ్చాయి: గ్రామసీమలకు జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్ అనే మూడంచెలను ఏర్పరచిన స్థానిక బోర్డుల చట్టం ఒకటి, పట్టణాలకు పురపాలక సంఘాలను ఏర్పరచిన జిల్లా మునిసిపాలిటీల చట్టం మరొకటి. తెనాలి 1909లో పురపాలక సంఘమైంది. బాపట్ల, రేపల్లెలకు ఆ హోదా రావడానికి స్వాతంత్య్రం తరువాత 1950ల దాకా ఆగవలసి వచ్చింది. 1920 చట్టాలు వచ్చేదాకా జిల్లా బోర్డు అధ్యక్ష పీఠం సాధారణంగా కలెక్టరుదే కావడం వల్ల, బోర్డులో స్థానికులు కూర్చున్నా నిర్ణయం మాత్రం నియమితుల వరుసలోనే జరిగేది.

ఆ కాలంలో స్థానిక పాలన అంటే సామాన్యుడికి ముందుగా తెలిసింది పన్ను. నేటి బాపట్ల జిల్లాలోని చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘంగా ప్రకటించినప్పుడు, ఏటా నాలుగు వేల రూపాయల దాకా ఉన్న పన్నుల భారం నలభై వేలకు పెరిగిందన్నది ఆనాటి ఆందోళనకారుల ప్రధాన ఫిర్యాదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో అక్కడి ప్రజలు ఇళ్లు వదిలి పురపాలక హద్దు దాటి రామనగర్ పేరుతో వేసుకున్న పాకల్లో పదకొండు నెలల పాటు ఉన్నారు. జాతీయోద్యమ చరిత్రలో ఈ ఉదంతానికి స్థానం దక్కింది గాని, పాలనా చరిత్ర దృష్టితో దీన్ని చూసినవారు తక్కువ. 1919 చట్టం ప్రవేశపెట్టిన ద్వంద్వ ప్రభుత్వంలో, అంటే కొన్ని శాఖలను ఎన్నికైన మంత్రులకూ కొన్నింటిని గవర్నరు చేతికీ పంచిన ఏర్పాటులో, స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రికి బదిలీ అయిన శాఖ. ఆ శాఖ పానగల్లు రాజా చేతిలో ఉంది. అందువల్ల చీరాల ప్రజల పోరు నేరుగా తెల్లదొరలతో కంటే భారతీయ మంత్రి నడిపే శాఖతో సాగింది. ఊరికి ఏ హోదా ఉండాలో, ఆ హోదాకు ఎంత పన్ను కట్టాలో ఊరిని అడగకుండా పైవారు తేల్చడమే అక్కడి తగవు. పురపాలక సంఘంలో గ్రామాలను విలీనం చేసినప్పుడల్లా నేటికీ ఇదే తగవు మళ్లీ కోర్టుకెక్కుతోంది.

ఆ మరుసటి సంవత్సరం మొదలైన పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఉద్యమం నియమితుల వరుస బలాన్ని బయటపెట్టింది. పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన ఆ ఉద్యమానికి గ్రామాధికారుల రాజీనామాలే ఊపిరి. గ్రామంలో కరణం లెక్కలు రాయకపోతే, మునసబు శిస్తు వసూలు చేయకపోతే ప్రభుత్వం అనేదే అక్కడ లేదని ఆనాటి అధికారులకు అర్థమైంది. వంశపారంపర్యంగా వచ్చే ఈ పదవులు స్వాతంత్య్రం తరువాత కూడా దాదాపు నాలుగు దశాబ్దాలు నిలిచి, 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుతో రద్దయ్యాయి.

రాష్ట్రం అనే పై అంచెకూ ఈ ప్రాంతంతో ముడి ఉంది. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆకాంక్షకు వేదికైన తొలి ఆంధ్ర మహాసభ 1913లో బాపట్లలోనే బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన జరిగింది. ఆ కోరిక 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంగా, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌గా రూపుదాల్చి, 2014 జూన్ 2న విభజనతో మరో మలుపు తిరిగింది. ప్రస్తుత రాష్ట్రానికి 175 మంది శాసనసభ్యులు, 58 మంది సభ్యుల శాసనమండలి, 25 మంది లోక్‌సభ సభ్యులు, 11 మంది రాజ్యసభ సభ్యులు ఉన్నారు. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య శాసనసభ బలంలో 15 శాతం మించకూడదు కాబట్టి ముఖ్యమంత్రితో కలిపి మంత్రివర్గం 26 మందికి పరిమితం. ఈ పై అంచెలో డెల్టా పట్టణాల వాటా చిన్నది కాదు. బాపట్ల నుంచి గెలిచిన కోన ప్రభాకరరావు 1981లో స్పీకరుగా పనిచేశారు. తెనాలి సభ్యుడిగా నాదెండ్ల మనోహర్ 2011 నుంచి 2014 వరకు అదే పీఠంలో ఉన్నారు, 2024లో మళ్లీ గెలిచి పౌరసరఫరాల శాఖ మంత్రి అయ్యారు. అదే మంత్రివర్గంలో రెవెన్యూ శాఖ రేపల్లె సభ్యుడు అనగాని సత్యప్రసాద్‌కు దక్కింది. జిల్లాల హద్దుల వ్యవహారమంతా ఆ శాఖదే కావడం గమనార్హం.

గవర్నరు విచక్షణ ఎంత దూరం పోగలదో చూపిన ఉదంతం కూడా ఇక్కడిదే. 1983లో వేమూరు నుంచి గెలిచిన నాదెండ్ల భాస్కరరావును 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ముఖ్యమంత్రిని చేయగా, సభలో మెజారిటీ చూపలేక నెల తిరిగేసరికి ఆ ప్రభుత్వం పోయి రామారావు తిరిగి వచ్చారు. మెజారిటీని తేల్చవలసింది సభలోనే గాని రాజ్‌భవన్‌లో కాదన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1994లో బొమ్మై తీర్పులో స్థిరపరచడానికి పదేళ్ల ముందే హైదరాబాదు వీధుల్లో ఆ వాదన వినిపించింది.

మళ్లీ కింది అంచెలకు వస్తే, బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో సూచించిన మూడంచెల పంచాయతీరాజ్‌ను రాజస్థాన్ తరువాత వెంటనే చేపట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1959 నవంబరు 1 నుంచి అమలైన చట్టం కింద గ్రామ పంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు ఏర్పడ్డాయి. కాని జిల్లా పరిషత్తు స్థాయీ సంఘాలకు, అంటే ఆర్థిక, విద్య వంటి విషయాలను విడివిడిగా చూసే ఉపసంఘాలకు, కలెక్టరే అధ్యక్షుడు. ఎన్నికైనవారికి పేరు, నియమితులకు పగ్గం అన్న ఆ పద్ధతి తరువాత వచ్చిన చట్టాల్లో మాటల్లో సడలింది గాని అలవాటులో సడలలేదు.

1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలాలు వచ్చాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ అంతకుముందు తాలూకా కేంద్రాలే. ఒక్కో తాలూకా నాలుగైదు ముక్కలైంది. దీని ఫలితం రెండు విధాలు. తహసీల్దారు కార్యాలయం ఊరికి దగ్గరైంది, అది కాదనలేని మేలు. కాని మండలం అనే విభాగం నిధులను సొంతంగా సమకూర్చుకోలేనంత చిన్నది, గ్రామసభ లాగా ముఖాముఖి నడవలేనంత పెద్దది. 1986 చట్టం మండలాధ్యక్షుణ్ని, జిల్లా పరిషత్తు అధ్యక్షుణ్ని నేరుగా ప్రజలే ఎన్నుకోవాలని చెప్పడంతో 1987లో ఒక్కసారి ఆ పద్ధతిలో ఎన్నికలు జరిగాయి. జిల్లా అంతా ఓటేసి గెలిపించిన అధ్యక్షుడు ఏ శాసనసభ్యుడి కంటే ఎక్కువ ఓట్లు పొందినవాడవుతాడు గనుక, ఆ పద్ధతి మళ్లీ రాకపోవడంలో ఆశ్చర్యపడవలసింది లేదు. రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక చేసిన 1994 చట్టంలో ఆ రెండు పదవులూ పరోక్ష ఎన్నికకు మారాయి: మండల ప్రాదేశిక సభ్యులు, వాడుకలో ఎంపీటీసీలు, తమలో ఒకరిని మండలాధ్యక్షుడిగానూ, మండలానికొకరు చొప్పున నేరుగా గెలిచిన జెడ్పీటీసీలు తమలో ఒకరిని జిల్లా పరిషత్తు అధ్యక్షుడిగానూ ఎన్నుకుంటారు. సర్పంచిని మాత్రం గ్రామం అంతా నేరుగానే, పార్టీ గుర్తు లేకుండా ఎన్నుకుంటుంది. గుర్తు లేకపోయినా ఏ అభ్యర్థి ఏ పార్టీ మనిషో తెలియని ఓటరు డెల్టాలో దొరకడు.

పరోక్ష ఎన్నికలో నియమితుల వరుస ఎలా జోక్యం చేసుకోగలదో దుగ్గిరాల మండలం చూపింది. 2021 సెప్టెంబరులో ఓట్ల లెక్కింపు జరిగాక, వెనుకబడిన తరగతుల మహిళకు కేటాయించిన అక్కడి మండలాధ్యక్ష పదవి కుల ధ్రువీకరణ పత్రం మీద వచ్చిన వివాదంతో నెలల తరబడి భర్తీ కాలేదు. ఆ పత్రం ఇవ్వవలసింది తహసీల్దారు, అప్పీలు వినవలసింది ఆపై రెవెన్యూ అధికారులు. ఎవరి వాదన న్యాయమన్నది వేరే విషయం. ఓటర్లు తేల్చిన విషయం ఒక కార్యాలయం బల్ల మీద కాగితంగా మారి ఆగిపోగలదన్నదే ఇక్కడ పట్టించుకోవలసింది. మరో విడ్డూరం ఏమంటే దుగ్గిరాల తెనాలి రెవెన్యూ డివిజన్‌లో ఉంది, శాసనసభకు మాత్రం మంగళగిరి నియోజకవర్గం కింద ఓటేస్తుంది.

నియోజకవర్గాల హద్దులు మూడో గీత. వీటిని పునర్విభజన సంఘం గీస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం గాని జిల్లా యంత్రాంగం గాని వాటిని మార్చలేదు. 2008లో అమలుకు వచ్చిన పునర్విభజనతో కూచినపూడి, దుగ్గిరాల శాసనసభ స్థానాలు మాయమయ్యాయి. 1957లో ఆచార్య ఎన్.జి. రంగాను లోక్‌సభకు పంపిన తెనాలి పార్లమెంటు స్థానమూ రద్దైంది. బాపట్ల లోక్‌సభ స్థానం మిగిలి, షెడ్యూల్డ్ కులాలకు కేటాయించబడి, వేమూరు, రేపల్లె, బాపట్ల, పర్చూరు, అద్దంకి, చీరాల, సంతనూతలపాడు సెగ్మెంట్లతో కొత్త రూపు దాల్చింది. తెనాలి గుంటూరు లోక్‌సభ స్థానంలో కలిసింది. పద్నాలుగేళ్ల తరువాత రాష్ట్ర ప్రభుత్వం లోక్‌సభ స్థానాల ప్రాతిపదికగా 13 జిల్లాలను 26 చేసినప్పుడు ఈ మార్పు ఫలితం బయటపడింది. 2011 జనగణన ప్రకారం తెనాలి జనాభా 1,64,937, బాపట్ల జనాభా 70,777, రేపల్లె జనాభా 50,866. జనాభాతోనో వర్తకంతోనో జిల్లా కేంద్రాన్ని నిర్ణయించి ఉంటే తెనాలి పేరు ముందు వరుసలో ఉండేది. లోక్‌సభ స్థానం లేకపోవడం వల్ల ఆ ప్రసక్తే రాలేదు. ఎంపీల సంఖ్యను జనాభాకు అనుగుణంగా సర్దడానికి గీసిన గీత, రిజిస్ట్రేషన్లకూ ఆసుపత్రులకూ జిల్లా కోర్టుకూ ప్రాతిపదిక కావడం సబబేనా అన్నది అప్పట్లో తగినంత చర్చకు రాలేదు. లోక్‌సభ స్థానాల్లో ఎక్కువభాగాన్ని జిల్లాలతో సరితూచినా, ఒంగోలుకు ఆనుకుని ఉన్న సంతనూతలపాడును ప్రకాశం జిల్లాలోనే ఉంచారు. అంటే సూత్రానికి మినహాయింపు సాధ్యమేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

జిల్లాలను ఏర్పరచే అధికారం 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం నుంచి వస్తుంది. ముసాయిదా ప్రకటన, అభ్యంతరాలకు గడువు, తుది ప్రకటన అనే మూడు దశలతో పని పూర్తవుతుంది. శాసనసభలో బిల్లు అక్కరలేదు, జిల్లా పరిషత్తు తీర్మానం అక్కరలేదు. 2022 జనవరిలో వచ్చిన ముసాయిదా ఏప్రిల్ మొదటి వారానికి తుది రూపు దాల్చింది. కలెక్టరు, ఎస్పీ, శాఖల జిల్లా అధికారులు రోజుల వ్యవధిలో బాపట్లకు చేరారు. అంతకుముందు రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల మండలాలన్నీ తెనాలి రెవెన్యూ డివిజన్‌లోవి. భూమి తగాదాకు అప్పీలుంటే తెనాలి, ఆపైన గుంటూరు. ఇప్పుడు రేపల్లె కూడా డివిజన్ కేంద్రమే, ఆపైన బాపట్ల. నిజాంపట్నం తీరంలోని మత్స్యకారుడికి కలెక్టరు దగ్గరయ్యాడన్నది నిజం. రేపల్లె పట్టణవాసికి ఇది అంత తేలిక లెక్క కాదు: రేపల్లె నుంచి రైలు మార్గం తెనాలికే ఉంది, బాపట్లకు రైల్లో పోవాలంటే తెనాలిలో దిగి బండి మారాలి. జిల్లా మారినా రైలు పట్టా, ఆ పట్టా వెంట శతాబ్దంగా అల్లుకున్న వ్యాపారం, వైద్యం, చదువు మారలేదు.

నియమితుల వరుస ఇంత వేగంగా కదిలినప్పుడు ఎన్నికైనవారి వరుస ఎందుకు కదలలేదన్నది ఈ సమీక్షకు కీలకమైన ప్రశ్న. జిల్లా పరిషత్తులు 2021లో పాత 13 జిల్లాల ప్రాతిపదికన ఎన్నికై, రాజ్యాంగం ఇచ్చిన ఐదేళ్ల కాలపరిమితితో ఉన్నాయి. వాటిని మధ్యలో చీల్చడం న్యాయపరంగా చిక్కు. కాబట్టి పాత పరిషత్తులనే కొనసాగించారు. ఫలితంగా కొత్త బాపట్ల జిల్లాలోని వేమూరు, రేపల్లె, బాపట్ల ప్రాంతాల జెడ్పీటీసీలు గుంటూరు జిల్లా పరిషత్తులో, పర్చూరు, అద్దంకి, చీరాల ప్రాంతాలవారు ఒంగోలులోని ప్రకాశం జిల్లా పరిషత్తులో కూర్చున్నారు. జిల్లా ఒకటి, పరిషత్తులు రెండు. అందులో ఒక్కటీ ఆ జిల్లాది కాదు. బాపట్ల కలెక్టరు పనితీరును జిల్లా స్థాయిలో నిలదీయగల, ఆ జిల్లాకే చెందిన ఎన్నికైన సభ లేదు. ఆ లోటును భర్తీ చేసింది ఇన్‌ఛార్జి మంత్రి నిర్వహించే సమీక్షా సమావేశం. అందులో కూర్చునే శాసనసభ్యులు ఎన్నికైనవారే అయినా, ఆ సమావేశానికి రాజ్యాంగ స్థానం లేదు. దాన్ని పిలిచే మంత్రిని నియమించేది ముఖ్యమంత్రి.

ఈ హద్దుల తేడా తప్పనిసరి కాదని పొరుగు రాష్ట్రం చూపింది. తెలంగాణ 2016 నుంచి జిల్లాల సంఖ్యను పెంచుకుంటూ పోయినా, 2019లో ఎన్నికలు వచ్చేసరికి హైదరాబాదు మినహా 32 జిల్లాలకూ 32 పరిషత్తులను ఎన్నుకుంది. అక్కడి చిన్న పరిషత్తులకు ఆదాయం తగినంత లేదన్న విమర్శ ఉంది, అది కాదనలేనిదే. అయినా ఎన్నికల గడువు వచ్చినప్పుడు రెండు వరుసల హద్దులనూ కలిపే ప్రయత్నం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో క్రమం తిరగబడింది: ఎన్నికలు ముందు జరిగిపోయాయి, జిల్లాలు తరువాత వచ్చాయి. ఒక ఏడాది ముందు జిల్లాలు చీలి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఆ ఎన్నికలు కూడా సకాలంలో జరిగినవి కావు. గ్రామ పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. 2020 మార్చిలో మొదలైన ప్రక్రియను కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల కమిషనరు నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ వాయిదా వేయడం, ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆయన పదవీకాలాన్ని కుదించడం, హైకోర్టు దాన్ని కొట్టివేయడం, ఆయన తిరిగి బాధ్యతలు చేపట్టడం జరిగాక 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు, మార్చి 10న పురపాలక ఎన్నికలు, ఏప్రిల్ 8న ప్రాదేశిక ఎన్నికలు జరిగాయి. చివరివాటి ఓట్ల లెక్కింపు కోర్టు వివాదాలు తేలాక సెప్టెంబరు 19న గాని జరగలేదు. రాజ్యాంగంలోని 243కె అధికరణం స్థానిక ఎన్నికల అదుపును రాష్ట్ర ఎన్నికల సంఘానికి అప్పగించింది. కాని వార్డుల విభజన, రిజర్వేషన్ల కేటాయింపు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నంత కాలం ఆ సంఘం సిద్ధమైన పీటల మీద పెళ్లి జరిపించే పురోహితుడి పాత్రకే పరిమితమవుతుంది.

ఈ విరామంలోనే, 2019 అక్టోబరు 2న, గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. రాష్ట్రమంతటా 15 వేల సచివాలయాలు, లక్షకు పైగా ఉద్యోగులు, వారికి తోడు యాభై ఇళ్లకొకరు చొప్పున వాలంటీర్లతో ఇది ఇటీవలి దశాబ్దాల్లో స్థానిక పాలనలో వచ్చిన అతి పెద్ద మార్పు. సేవల విషయంలో దీని ప్రయోజనాన్ని విమర్శకులు కూడా ఒప్పుకున్నారు. కాని అది పుట్టినప్పుడు పంచాయతీల్లో సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారులు ఉన్నారు. 2021లో సర్పంచులు వచ్చేసరికి ఊళ్లో పింఛను, రేషను కార్డు, ఇంటి స్థలం వంటివన్నీ ఆ కార్యాలయం గుండా సాగుతున్నాయి. అందులోని ఉద్యోగులు తమ తమ శాఖలకు జవాబుదారులు. పంచాయతీ భవనం పక్కనే మరో పాలన నడుస్తోందన్న సర్పంచుల మాటలో అతిశయోక్తి కొంతే. 2024లో ప్రభుత్వం మారాక వాలంటీర్ల వ్యవస్థ ఆగిపోయింది, సచివాలయాలు మిగిలాయి.

పట్టణాల్లో పరిస్థితి ఇంకా విచిత్రం. 2021 మార్చిలో తెనాలి, రేపల్లె పురపాలక సంఘాలకు ఎన్నికలు జరిగాయి, బాపట్లకు జరగలేదు. అంటే మరుసటి ఏడాది జిల్లా కేంద్రమైన పట్టణానికి తనదైన పాలకమండలి లేదు. కౌన్సిల్ చేయవలసిన తీర్మానాల మీద ప్రత్యేకాధికారి సంతకం చేశాడు. కలెక్టరేటు ఎక్కడ కట్టాలి, పెరిగే రాకపోకలకు రోడ్లు ఎలా వెడల్పు చేయాలి అన్న ప్రశ్నలు ఒక పట్టణ చరిత్రలో అరుదుగా వచ్చేవి. అవి వచ్చిన సమయంలోనే బాపట్లకు కౌన్సిలర్లు లేకపోవడం ఈ వ్యవస్థ అన్నిటికంటే స్పష్టంగా విఫలమైన చోటు. 74వ సవరణ పాలకమండలి గడువు ముగిసేలోపే ఎన్నికలు జరపాలని ఆదేశించినా, విలీనం మీదనో వార్డుల మీదనో ఒక వ్యాజ్యం నడిస్తే ఏళ్లు గడిచిపోతాయి.

ఎన్నికైన మండలి ఉన్నచోట కూడా అధికారం పరిమితం. కౌన్సిలర్లు పార్టీ గుర్తుల మీద గెలిచి తమలో ఒకరిని ఛైర్మన్‌గా ఎన్నుకుంటారు. స్థానిక శాసనసభ్యుడు పదవి రీత్యా సభ్యుడు. కార్యనిర్వాహక అధికారం రాష్ట్రం నియమించే కమిషనరుది. పట్టణ ప్రణాళిక విషయంలో తెనాలి 1978లో ఏర్పడిన విజయవాడ-గుంటూరు-తెనాలి-మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి, ఆపైన 2014 చివర్లో ఏర్పడిన రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ పరిధిలోకి వెళ్లింది. వీటికి ఎన్నికైన పాలకవర్గం లేదు. పన్నుల విషయంలోనూ ఇంతే: ఇంటిపన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు మార్చాలన్న నిర్ణయం 2020లో శాసనసభ చేసిన చట్టసవరణ, ఏ కౌన్సిల్ తీర్మానమూ కాదు. చీరాల ఉదంతం తెలిసినవారికి ఇది గుర్తురాక మానదు, అయితే ఈసారి పెంపును ఏటా 15 శాతానికి కట్టడి చేశారు.

శాసనమండలి స్థానిక, రాష్ట్ర అంచెలను కలపవలసిన సంస్థ. 58 స్థానాల్లో 20 శాసనసభ్యుల కోటా, 20 స్థానిక సంస్థల కోటా, 5 పట్టభద్రులవి, 5 ఉపాధ్యాయులవి, 8 నామినేటెడ్. స్థానిక కోటాలో ఓటు ఎంపీటీసీలకు, జెడ్పీటీసీలకు, కౌన్సిలర్లకు, కార్పొరేటర్లకు ఉంది, సర్పంచులకు లేదు. కౌన్సిల్ లేని బాపట్ల పట్టణానికి ఆ పేరుతో ఒక్క ఓటూ లేదు. నిజానికి మండలి స్థానిక సంస్థల గొంతుగా కంటే పార్టీల సర్దుబాటు వేదికగా పనిచేసింది. రేపల్లెలో 2019లో ఓడిన మోపిదేవి వెంకటరమణ మంత్రి కావడం, రాజ్యాంగం ఇచ్చిన ఆరు నెలల గడువులోపు మండలి సభ్యుడు కావడం, 2020 జనవరిలో మండలి రద్దుకు శాసనసభ తీర్మానించాక రాజ్యసభకు వెళ్లడం ఒక ఉదాహరణ. రద్దు తీర్మానాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. తెనాలి మాజీ శాసనసభ్యుడు ఆలపాటి రాజేంద్రప్రసాద్ 2024లో తన స్థానం పొత్తులో జనసేనకు పోగా, 2025లో కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానం నుంచి మండలికి ఎన్నికయ్యారు. పార్టీలు రెండు, పద్ధతి ఒకటి.

రైతుకు రోజూ తగిలే ఎన్నికల వ్యవస్థ ఈ రెండు వరుసల్లోనూ ఉండదు. 1997 చట్టం ప్రకారం ఏర్పడ్డ సాగునీటి వినియోగదారుల సంఘాలు కాలువ ఆయకట్టును బట్టి ఏర్పడతాయి, జిల్లా హద్దుతో వాటికి పని లేదు. కొమ్మమూరు కాలువ, నిజాంపట్నం కాలువ కింద పొలమున్న రైతు శివారు భూమికి నీరందకపోతే చూసేది సంఘం అధ్యక్షుణ్ని, లేకపోతే జలవనరుల శాఖ ఇంజనీరును. ఈ మూడు పట్టణాల మధ్య ప్రాంతానికి సహజమైన హద్దేదైనా ఉంటే అది కాలువే. కాలువ మీద ఏర్పడ్డ సంఘాలకే ఎన్నికలు ఏళ్ల తరబడి జరగకుండా పోయి 2024 డిసెంబరులో గాని మళ్లీ జరగలేదు. పక్కనే దుగ్గిరాల పసుపు యార్డును నడిపే మార్కెట్ కమిటీలో ఎన్నికే లేదు, ఛైర్మన్‌ను ప్రభుత్వం నియమిస్తుంది. సరుకు అమ్మే రైతు తన పంచాయతీ వార్డు సభ్యుణ్ని ఎన్నుకోగలడు, తన పంట తూచే చోటును నడిపేవారిని ఎన్నుకోలేడు.

నిధుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. పదకొండో షెడ్యూలులో 29, పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు రాసి ఉన్నా, వాటిని బదిలీ చేయడం రాష్ట్రం ఇష్టమన్నట్టుగా రాజ్యాంగం మాట వాడింది. కేరళ 1996 నుంచి ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు మళ్లించింది. ఇక్కడ 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లను సైతం పంచాయతీల విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేయగా సర్పంచులు పార్టీలకతీతంగా ఆందోళన చేశారు. నిధుల సంగతి ఇలా ఉండగా, స్థానిక అభ్యర్థికి మాత్రం ఒక షరతు 2024 నవంబరు దాకా ఉండేది: ఇద్దరికి మించి సంతానం ఉంటే పోటీకి అనర్హుడు. శాసనసభకు పోటీ చేసేవారికి ఆ నిబంధన ఎన్నడూ లేదు.

జిల్లా పరిషత్తును చీల్చడం పైకి కనిపించినంత తేలిక కాదన్న వాదనను కూడా పరిశీలించాలి. పాత గుంటూరు జిల్లాకు 57 మండలాలు. ఆ పరిషత్తు ఆస్తులు, అతిథి గృహాలు, ఇంజనీరింగ్ సిబ్బంది, ఉన్నత పాఠశాలలు ఇప్పుడు గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల్లో విస్తరించి ఉన్నాయి. బాపట్ల వాటాకు గుంటూరు, ఒంగోలు పరిషత్తుల నుంచి రెండు వేర్వేరు సర్వీసు జాబితాలు, రెండు ఖాతాలు, రెండు రకాల బకాయిలు వస్తాయి. రేపల్లె మండలంలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయుడి విషయం చూస్తే ఆ చిక్కు తెలుస్తుంది: ఆయన జిల్లా విద్యాశాఖాధికారి బాపట్లలో ఉన్నాడు, జీతం బిల్లు ఉపఖజానా గుండా పోతుంది, భవిష్య నిధి ఖాతా మాత్రం గుంటూరు జిల్లా పరిషత్తు కార్యాలయంలోనే ఉంది. కూతురి పెళ్లికి ఆ నిధి నుంచి అప్పు కావాలంటే ఆయన దరఖాస్తు జిల్లా హద్దు దాటి పోవాలి. చీరాలలో అదే ఉద్యోగం చేసే ఆయన సహోద్యోగి దరఖాస్తు ఒంగోలుకు పోతుంది. ఇద్దరి కలెక్టరూ ఒక్కరే.